ప్రైవేట్ విండో ఎవరి నుంచి కాపాడుతుంది?

బ్రౌజర్లలో ప్రైవేట్ విండో అనే సదుపాయం ఒకటి ఉందని మనలో చాలామందికి తెలుసు. అది ఏ పని చేస్తుందో, ఏ పని చేయదో తెలిసినవారు మాత్రం తక్కువ. క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో పేరుతో ఉన్న ఈ విండోను తెరవగానే నల్లని తెర మీద టోపీ, కళ్లద్దాలు ఉన్న బొమ్మ కనిపిస్తుంది. ఆ బొమ్మను చూసి ఇక తమను ఎవరూ చూడటం లేదని ధైర్యపడేవారిని నేను మా బంధువులలోనూ, నాతో పనిచేసేవారిలోనూ చాలామందిని చూశాను. దానికి పూర్తిగా ఎదురుగా, అదంతా ఉత్తి మోసమని, దాని వల్ల ప్రయోజనమేమీ లేదని కొట్టిపారేసేవారూ ఉన్నారు. ఈ రెండు అభిప్రాయాలూ సరికావని నా నమ్మకం. ప్రైవేట్ విండో మనల్ని ఒకే ఒక మనిషి నుంచి కాపాడుతుంది: ఇదే కంప్యూటర్ ముందు మన తరువాత వచ్చి కూర్చునే మనిషి నుంచి, ఇదే ఫోన్‌ను మన తరువాత చేతిలోకి తీసుకునే మనిషి నుంచి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్న కుటుంబాలు, దరఖాస్తుల కోసం నెట్ సెంటర్‌కు వెళ్లక తప్పని విద్యార్థులు ఇంతమంది ఉన్న మన ప్రాంతంలో ఆ ఒక్క రక్షణ చాలా విలువైనది. అయితే దాని హద్దు ఎక్కడో తెలిసినప్పుడే ఆ విలువ దక్కుతుంది.

ఈ సదుపాయం మొదట ఆపిల్ వారి సఫారీ బ్రౌజర్‌లో వచ్చింది. 2005 ఏప్రిల్‌లో మ్యాక్ కంప్యూటర్లకు టైగర్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసినప్పుడు దానితోపాటు వచ్చిన సఫారీలో దీన్ని చేర్చారు. 2008 సెప్టెంబరులో క్రోమ్ తన తొలి విడుదలలోనే ఇన్‌కాగ్నిటోతో వచ్చింది. 2009 మార్చిలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 8 ఇన్‌ప్రైవేట్ పేరుతోనూ, అదే ఏడాది జూన్‌లో ఫైర్‌ఫాక్స్ 3.5 ప్రైవేట్ బ్రౌజింగ్ పేరుతోనూ ఇదే సౌకర్యాన్ని అందించాయి. పేర్లు వేరైనా వీటన్నిటి వెనుక ఉన్న ఆలోచన ఒకటే: ఒకే కంప్యూటర్‌ను పలువురు వాడుతున్నప్పుడు ఒకరు చూసినవాటి ఆనవాళ్లు మరొకరికి కనిపించకూడదు.

లోపల జరిగే పని కూడా అంత జటిలమైనదేమీ కాదు. మామూలు విండోలో మనం ఒక సైటు తెరిచినప్పుడు దాని చిరునామా హిస్టరీలోకి చేరుతుంది, ఆ సైటు మనల్ని గుర్తుపట్టడానికి ఇచ్చే కుకీలు డిస్కులో భద్రమవుతాయి, ఫారాలలో మనం నింపిన పేరు, ఫోన్ నంబరు వంటివి మళ్లీ సూచించడానికి వీలుగా బ్రౌజర్ దాచుకుంటుంది. ప్రైవేట్ విండోలో హిస్టరీ రాయడం, ఫారాల సమాచారం దాచడం ఆగిపోతాయి. కుకీలు మాత్రం ఉంటాయి, కానీ మామూలు విండో కుకీలతో కలవకుండా విడిగా, తాత్కాలికంగా ఉంటాయి. ప్రైవేట్ విండోలన్నిటినీ మూసివేసిన క్షణంలో అవి తుడిచిపెట్టుకుపోతాయి. 'అన్నిటినీ' అన్న మాటను ఇక్కడ గట్టిగా పట్టుకోవాలి. క్రోమ్‌లోనూ, ఫైర్‌ఫాక్స్‌లోనూ తెరిచి ఉన్న ప్రైవేట్ విండోలన్నీ ఒకే కుకీల సంచయాన్ని పంచుకుంటాయి కనుక, ఒకదానిలో జీమెయిల్‌లోకి లాగిన్ అయి, దాన్ని అలాగే ఉంచి మరో ప్రైవేట్ విండో తెరిస్తే అక్కడ కూడా అదే జీమెయిల్ తెరుచుకుంటుంది. సఫారీ మాత్రం ఈ విషయంలో ఒక అడుగు ముందుకు వేసి, ఒక్కొక్క ప్రైవేట్ ట్యాబ్‌నూ మిగతావాటి నుంచి వేరుగా ఉంచుతుంది.

మనం కావాలని దాచుకున్నవి మాత్రం విండో మూసినా పోవు. డౌన్‌లోడ్ చేసిన ఫైలు ఫోల్డర్‌లో అలాగే ఉంటుంది, పెట్టుకున్న బుక్‌మార్క్ అలాగే ఉంటుంది. ఇవి కాక, బ్రౌజర్ చేతిలో లేని ఆనవాళ్లు కూడా కొన్ని ఉన్నాయి. మెమరీ చాలనప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కొంత సమాచారాన్ని డిస్కు మీదకు మళ్లిస్తుంది. సైటు పేరును ఐపీ చిరునామాగా, అంటే ఇంటర్నెట్‌లో ఒక కంప్యూటర్‌ను గుర్తించే అంకెలుగా, మార్చిన వివరం కొంతసేపు సిస్టమ్ దగ్గర నిలిచి ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డాన్ బోనే తదితరులు 2010లో నాలుగు ప్రధాన బ్రౌజర్లను పరిశీలించి ప్రచురించిన పత్రం, ఇటువంటి ఆనవాళ్లు ఎన్ని దారుల్లో మిగిలిపోతాయో, అదనంగా చేర్చుకునే ఎక్స్‌టెన్షన్లు ఈ రక్షణను ఎలా నీరుగారుస్తాయో వివరంగా చూపింది. నేడు క్రోమ్ మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఇన్‌కాగ్నిటోలో ఎక్స్‌టెన్షన్లను పనిచేయనివ్వకపోవడానికి కారణం ఈ ప్రమాదమే.

ఇక జనం దీన్ని ఎలా అర్థం చేసుకుంటున్నారన్న విషయం నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. షికాగో విశ్వవిద్యాలయం, జర్మనీలోని హనోవర్ లైబ్నిట్జ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి 460 మందిపై చేసిన ఒక అధ్యయనం 2018లో వెలువడింది. రకరకాల బ్రౌజర్లు తమ ప్రైవేట్ విండో మొదటి పేజీలో ఇచ్చే వివరణలను చదివించి, తరువాత ప్రశ్నలు అడిగారు. గూగుల్ ఖాతాలోకి లాగిన్ అయి వెతికినా ఆ వెతుకులాట ఎక్కడా నమోదు కాదని వారిలో సగానికి మించినవారు అనుకున్నారు. వైరస్‌ల నుంచి కూడా రక్షణ దొరుకుతుందని నాలుగో వంతుకు పైగా నమ్మారు. వివరణ చదివిన తరువాత కూడా ఇలా నమ్మారంటే, తప్పు చదివినవారిది అనలేము. వివరణలు సూటిగా చెప్పలేదని అర్థం.

నిజానికి ఏమి జరుగుతుందో సూటిగా చెప్పుకుందాం. ప్రైవేట్ విండోలో మనం ఫేస్‌బుక్‌లోకో, గూగుల్‌లోకో లాగిన్ అయితే ఆ సంస్థకు మనమెవరమో తెలుస్తుంది, అక్కడ మనం చేసే పని మన ఖాతా కింద నమోదవుతుంది. లాగిన్ కాకపోయినా మన ఐపీ చిరునామా ప్రతి సైటుకూ కనిపిస్తుంది. ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చిన సంస్థకు, అది ఫైబర్ అయినా మొబైల్ డేటా అయినా, మనం ఏ సైటుకు వెళ్లామో సాధారణంగా తెలుస్తుంది. తాళం గుర్తు ఉన్న సురక్షిత సైట్లలో ఏ పేజీ చదివామో, ఏమి రాశామో మాత్రం తెలియదు. కవరు మీది చిరునామా పోస్ట్‌మ్యాన్‌కు కనిపిస్తుంది, లోపలి ఉత్తరం కనిపించదు. ఈ విషయంలో మామూలు విండోకూ ప్రైవేట్ విండోకూ తేడా ఏమీ లేదు. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ సంగతి వేరు. అందులో కంపెనీ పెట్టిన పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ ఉంటే కవరు లోపలిది కూడా వారు చదవగలరు. ఇన్‌కాగ్నిటోను పూర్తిగా నిలిపివేసే వీలు కూడా కంపెనీలకు ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ప్రైవేట్ విండో తెరిచి వేరే కంపెనీలకు దరఖాస్తులు పెడుతుంటారు. ఆ పనికి సొంత ఫోన్, సొంత డేటా వాడుకోవడం మేలు.

ఈ అపోహ ఎంత పెద్దదో న్యాయస్థానంలో కూడా తేలింది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నప్పుడు కూడా గూగుల్ తన ప్రకటనల వ్యవస్థ ద్వారా, సందర్శకుల లెక్కల కోసం సైట్లు వాడే గూగుల్ అనలిటిక్స్ ద్వారా తమ సమాచారాన్ని సేకరించిందంటూ 2020 జూన్‌లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు వినియోగదారులు దావా వేశారు; కనీసం 500 కోట్ల డాలర్ల పరిహారం కోరారు. సైట్లు సమాచారాన్ని సేకరించవచ్చని తాము ముందే తెలియజేశామన్నది గూగుల్ వాదన. దావాను విచారణ లేకుండానే ముగించాలన్న ఆ సంస్థ అభ్యర్థనను 2023 ఆగస్టులో న్యాయమూర్తి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ తిరస్కరించారు. ఆ డిసెంబరులో ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి. 2024 ఏప్రిల్‌లో బయటకు వచ్చిన షరతుల ప్రకారం, సేకరించిన వందల కోట్ల రికార్డులను గూగుల్ తొలగించాలి లేదా గుర్తుపట్టలేని విధంగా మార్చాలి, వివరణ పేజీని మార్చాలి, ఇన్‌కాగ్నిటోలో ఇతర సంస్థల కుకీలను ఐదేళ్లపాటు ముందుగానే అడ్డుకోవాలి. దావాలో భాగమైన కోట్లాది వినియోగదారులకు ఆ రాజీలో డబ్బు రూపంలో పరిహారం ఏమీ దక్కలేదు. కావాలంటే ఎవరికి వారు విడిగా దావా వేసుకోవచ్చు. నేడు ఇన్‌కాగ్నిటో మొదటి పేజీలో, మీరు చూసే సైట్లూ, అవి వాడే గూగుల్ వంటి సేవలూ సమాచారం సేకరించే తీరు దీని వల్ల మారదని స్పష్టంగా రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యాన్ని 2008లోనే రాసి ఉంటే ఎంతో బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ హద్దులు. ఆ హద్దులోపల దీని విలువ ఎక్కడుందో చెప్పాలంటే నెట్ సెంటర్ నుంచి మొదలుపెట్టాలి. ఇంటర్, డిగ్రీ ప్రవేశాలు, ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్, పోటీ పరీక్షల దరఖాస్తులు వచ్చే నెలల్లో మండల కేంద్రాలలోని నెట్ సెంటర్లు, జెరాక్స్ దుకాణాలు కిటకిటలాడుతాయి. ఒకే కంప్యూటర్ ముందు ఒకరి తరువాత ఒకరు కూర్చుని ఆధార్ నంబరు, తండ్రి పేరు, కులధ్రువీకరణ పత్రం నంబరు, బ్యాంకు వివరాలు నింపుతారు. మామూలు విండోలో ఇవన్నీ నింపితే, తరువాత వచ్చిన విద్యార్థి ఫారంలో మొదటి అక్షరం కొట్టగానే ముందు వారి పేర్లు, ఫోన్ నంబర్లు వరుసగా కింద తెరుచుకోవచ్చు. పాస్‌వర్డ్ దాచమంటారా అని బ్రౌజర్ అడిగినప్పుడు తొందరలో సరేనంటే, దాన్ని తరువాత ఎవరైనా తెరిచి వాడుకోవచ్చు. కౌన్సెలింగ్‌లో కాలేజీలను ఎంచుకునే వెబ్ ఆప్షన్ల పాస్‌వర్డ్ ఇతరుల చేతిలో పడితే ఏమవుతుందో తెలిసిన తల్లిదండ్రులకు ఈ భయం ఎంత నిజమైనదో వేరే చెప్పనక్కరలేదు.

మా అక్క కూతురు వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి వెళుతూ నన్ను వెంట రమ్మంది. అక్కడ కూర్చోగానే, "మామయ్యా, ఇక్కడ ఇన్‌కాగ్నిటోలో తెరిస్తే చాలు కదా, ఇంక భయం లేదు కదా?" అని అడిగింది. తెరవమన్నాను, దానితో పని అయిపోలేదని కూడా చెప్పాను. కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి విండో తెరిచింది. ఫైర్‌ఫాక్స్ అయితే ఎన్ బదులు పి నొక్కాలి. ఆప్షన్లు భద్రపరిచాక వచ్చిన పీడీఎఫ్‌ను ప్రింటు తీయించి, లాగౌట్ చేసి, విండో మూసేసింది. అప్పుడు డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూపించాను. తన పీడీఎఫ్ పక్కనే ఎవరెవరివో ఆధార్ కార్డులు, మార్కుల జాబితాలు, పాన్ కార్డు ఫొటోలు, ఒక గర్భిణి స్కానింగ్ రిపోర్టు ఉన్నాయి. ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. తన ఫైలును తొలగించి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేసి లేచింది.

ఆధార్ విషయంలో ఇది మరింత ముఖ్యం. డౌన్‌లోడ్ చేసుకునే ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిసి ఉంటుందని అందరికీ తెలుసు. ఆ రెండూ తెలిసినవారెవరైనా ఫోల్డర్‌లో మిగిలిపోయిన ఫైలును తెరవగలరు. పూర్తి నంబరు అవసరం లేని చోట చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ తీసుకుంటే నష్టం తగ్గుతుంది. పత్రాలను దుకాణం వాట్సాప్‌కు పంపకుండా, ప్రైవేట్ విండోలో మన వాట్సాప్‌నే తెరిచి ప్రింటు తీయించుకునేవారు, పని అయ్యాక ఫోన్‌లోని లింక్డ్ డివైజెస్ చూసి ఆ కంప్యూటర్‌ను తొలగించాలి.

నెట్ సెంటర్‌లో మరొక సంగతి కూడా తెలిసి ఉండాలి. 2011లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన సైబర్ కెఫే నియమాల ప్రకారం, నిర్వాహకులు వచ్చినవారి గుర్తింపు పత్రం చూసి వివరాలు రిజిస్టరులో రాయాలి. తమ కంప్యూటర్ల నుంచి ఏయే సైట్లు తెరిచారో ఆ వివరాలను కనీసం ఒక ఏడాది భద్రపరచాలి. అన్ని చోట్లా ఇది ఎంతవరకు అమలవుతుందన్నది వేరే విషయం. బ్రౌజర్ తన హిస్టరీ రాయకపోయినంత మాత్రాన సెంటర్ వ్యవస్థలో ఆ నమోదు ఆగదు. వెనుక బల్ల మీద కూర్చున్న మనిషికి మన పాస్‌వర్డ్ కనిపించకుండా చూడటం మన చేతిలోనే ఉంది. కీబోర్డు నొక్కులను దొంగిలించే సాఫ్ట్‌వేర్ ఆ కంప్యూటర్‌లో ఉంటే మాత్రం ప్రైవేట్ విండో ఏమీ చేయలేదు. అందుకే నెట్ సెంటర్‌లో బ్యాంకు లావాదేవీలు చేయవద్దని అడిగినవారందరికీ చెబుతాను.

ఇక ఇంట్లోని ఫోన్ విషయానికి వస్తే నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆడపిల్లలు, గృహిణులు. తన శరీరంలో వచ్చిన మార్పు గురించి, గర్భనిరోధం గురించి, మనసులోని దిగులు గురించి, ఇంట్లో పడుతున్న దెబ్బల గురించి చదువుకోవాలనుకునే స్త్రీకి తరచుగా ఉన్నది భర్తదో, అన్నదో, పిల్లలదో అయిన ఫోన్. మామూలు విండోలో వెతికితే ఆ మాట మరునాడు సూచనగా పైకి వచ్చి, చూడకూడనివారి కంట పడుతుంది. ప్రైవేట్ విండో ఆ భయాన్ని నిజంగా తొలగిస్తుంది. ఈ ఒక్క ప్రయోజనం కోసమైనా దీన్ని ప్రతి స్త్రీకీ నేర్పాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను. అయితే ఫోన్‌లో ప్రైవేట్ ట్యాబ్‌లు కంప్యూటర్‌లో విండో మూసినట్టు వాటంతటవే మూతపడవు; క్రోమ్‌ను పక్కకు తప్పించినా అవి లోపల తెరిచే ఉంటాయి. ఆండ్రాయిడ్‌లో నోటిఫికేషన్ల జాబితాలో ఇన్‌కాగ్నిటో ట్యాబ్‌లన్నీ మూసివేయమనే వరుస కనిపిస్తుంది, దాన్ని నొక్కితే సరిపోతుంది. క్రోమ్ సెట్టింగులలోని గోప్యత, భద్రత విభాగంలో ఈ ట్యాబ్‌లకు వేలిముద్ర తాళం వేసుకునే వీలు కూడా ఉంది. ఐఫోన్‌లో 2023 సెప్టెంబరులో వచ్చిన ఐఓఎస్ 17 నుంచి సఫారీ ప్రైవేట్ ట్యాబ్‌లకు ఇటువంటి తాళమే ఉంది. వాట్సాప్, ఫేస్‌బుక్ వంటి యాప్‌లలో నొక్కిన లింకులు మన ప్రైవేట్ విండోలో తెరుచుకోవని, యూట్యూబ్ యాప్‌లో చూసినది యూట్యూబ్ హిస్టరీలోకే పోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

గృహహింస అనుభవిస్తున్న స్త్రీకి ఇంకొక మాట చెప్పడం అవసరం. 181 మహిళా హెల్ప్‌లైన్‌కు చేసిన కాల్ ఫోన్ జాబితాలో నిలిచి ఉంటుంది. ప్రైవేట్ విండో దాన్ని తుడవదు. తన ఫోన్‌లో ఎవరైనా నిఘా యాప్ పెట్టారన్న అనుమానం ఉంటే ఆ ఫోన్‌లో ఏ విండో తెరిచినా ఒకటే. అప్పుడు నమ్మకమైన పొరుగింటామె ఫోనో, అంగన్‌వాడీ టీచరు ఫోనో వాడటం తప్ప వేరే దారి లేదు.

చిన్నచిన్న ఉపయోగాలు చాలానే ఉన్నాయి. ఒకేసారి రెండు జీమెయిల్ ఖాతాలు తెరవడానికి, మన బ్లాగు బయటివారికి ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి, ఒక సైటు మొరాయిస్తే పాత కుకీల వల్లనా కాదా అని తేల్చుకోవడానికి నేను దాదాపు రోజూ వాడతాను.

నిజంగా ఎవరికీ తెలియకుండా చదవవలసిన అవసరం ఉన్నవారికి, ఉదాహరణకు ఒక పాత్రికేయునికి, ఇది చాలదు. కుకీలు లేకపోయినా తెర పరిమాణం, ఫాంట్లు, బ్రౌజర్ వెర్షన్ వంటి వివరాల కలయికతోనే మనల్ని గుర్తుపట్టవచ్చు. ఇంటర్నెట్‌లో పౌరహక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే అమెరికా సంస్థ 2010లో చేసిన పరిశీలనలో, పరీక్షకు వచ్చిన బ్రౌజర్లలో 83.6 శాతం మరి దేనితోనూ కలవని ప్రత్యేక గుర్తులతో ఉన్నాయి. అజ్ఞాతంగా ఉండాల్సినవారికి తగినది, మన జాడ తెలియకుండా పలు కంప్యూటర్ల మీదుగా సైటుకు చేర్చే టార్ బ్రౌజర్. మన ఇంటర్నెట్ రాకపోకలను వేరొక సంస్థ సర్వర్ మీదుగా మళ్లించే వీపీఎన్ విషయంలో నేను అంత సులభంగా సలహా ఇవ్వను; అది నమ్మకాన్ని ఇంటర్నెట్ సంస్థ నుంచి వీపీఎన్ సంస్థకు మారుస్తుంది, అంతే. వినియోగదారుల వివరాలను ఐదేళ్లు భద్రపరచాలని 2022 ఏప్రిల్‌లో మన దేశంలో సైబర్ భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించినప్పుడు కొన్ని పేరున్న వీపీఎన్ సంస్థలు భారత్‌లోని తమ సర్వర్లను తీసివేశాయి. ఉచితంగా దొరికే వీపీఎన్ యాప్‌ల జోలికి మాత్రం పోవద్దు.

నెట్ సెంటర్లు నడిపేవారు ఎవరైనా ఇది చదువుతుంటే వారికి నాదొక విన్నపం. వచ్చిన ప్రతి విద్యార్థికీ ప్రైవేట్ విండో గుర్తుండకపోవచ్చు. మీరు ఒక్కసారి సర్దిపెడితే అందరికీ సరిపోతుంది. ఫైర్‌ఫాక్స్ సెట్టింగులలో గోప్యత విభాగంలోకి వెళ్లి, హిస్టరీని ఎప్పుడూ గుర్తుంచుకోవద్దు అనే ఎంపికను పెట్టి బ్రౌజర్‌ను మళ్లీ మొదలుపెడితే, అది ఎప్పుడు తెరిచినా ప్రైవేట్‌గానే పనిచేస్తుంది. క్రోమ్ అయితే ప్రొఫైల్ బొమ్మ నొక్కి గెస్ట్ విండోలో కూర్చోబెట్టవచ్చు. పాస్‌వర్డ్‌లు దాచమంటారా అని అడగడాన్ని పూర్తిగా ఆపివేయండి. రోజూ దుకాణం మూసే ముందు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నూ, రీసైకిల్ బిన్‌నూ ఖాళీ చేయండి. మీ వాట్సాప్‌కు ప్రింటు కోసం వచ్చిన పత్రాలను కూడా అదే సమయంలో తొలగించండి. ఎలా చేయాలో సందేహం వస్తే ఈ టపా కింద రాయండి, తెలిసినంతవరకు తప్పకుండా జవాబిస్తాను.